హై డోస్ విటమిన్ సి ప్రాజెక్టు డైరీ: నల్గొండ ఎనిమల్ హౌస్ నుంచి

జూన్, మొదటి వారం

ఎథిక్స్ కమిటీ సంతకం పడింది. జంతు ప్రయోగ అనుమతి కాగితం ఫారం బి చేతికొచ్చింది కాబట్టి డైరీ మొదలు పెడుతున్నాను. ప్రాజెక్టు పేరు థీసిస్ అట్ట మీద మూడు లైన్లు పడుతుంది. విషయం మాత్రం ఇంతే: క్యాన్సర్ కణాలు ఎక్కించిన ఎలుకలకు విటమిన్ సి భారీ డోసులో ఇస్తే క్యాన్సర్ తగ్గుతుందా, తగ్గితే అది విటమిన్ వల్లేనా. నా తిప్పలన్నీ ఆ రెండో ముక్క కోసమే.

కమిటీకి బయటి సభ్యుడిగా వచ్చిన వెటర్నరీ డాక్టరు గారు ఆరు గ్రూపుల పట్టిక చూసి మూడో దాని మీద వేలు పెట్టారు. "గీ ఉప్పునీళ్ళ గ్రూపు ఎందుకమ్మా? సెలైన్ గ్రూపు ఉండనే ఉండె గదా. ఉత్తగ ఆరు ప్రాణాలు."

అడగాల్సిన ప్రశ్నే. 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం కింద నడిచే వ్యవస్థ ఈ కమిటీ. తక్కువ జంతువులతో పని అయ్యే దారి ఉంటే ఆ దారే పట్టించడం వాళ్ళ పని. నా జవాబు ఇదీ. మేం ఇచ్చే సోడియం ఆస్కార్బేట్ (విటమిన్ సి సోడియం లవణం) ద్రావణం 1 మోలార్ (మోలార్ అంటే చిక్కదనం కొలత). మామూలు సెలైన్ 0.154 మోలార్. అంటే మందు ఆరు రెట్లకు పైగా చిక్కన. అంత చిక్కటిది పొట్టలోకి (పేగుల చుట్టూ ఉండే ఖాళీలోకి) పోతే, అందులో విటమిన్ ఉన్నా లేకున్నా, చుట్టూ ఉన్న కణాల్లోంచి నీళ్ళు గుంజుతుంది. మా క్యాన్సర్ కణాలు ఉండేదీ ఆ పొట్టలోనే. అవి చచ్చాయంటే విటమిన్‌కు చచ్చాయని ఎలా రాయను? అందుకే 1 మోలార్ మామూలు ఉప్పు ద్రావణం, అదే కొలత, అదే సూది, ఇంకో గ్రూపుకు. ఆ ఆరూ లేకపోతే మిగతా ముప్పై ప్రాణాలూ వృథా అన్నాను. డాక్టరు గారు మా గైడ్ సార్ వైపు చూసి, "సరే, ఉండనియ్యండి" అన్నారు.

ఆయన పెట్టిన ఇంకో షరతును మాత్రం వాదన లేకుండా ఒప్పుకున్నాను. పాత థీసిసుల్లో సగటు ఆయుష్షు లెక్క కోసం ఎలుక దానంతటది చచ్చేదాకా చూస్తూ కూర్చునేవాళ్ళు. మేం అలా కూర్చోం. పొట్ట ఉబ్బి బరువు హద్దు దాటినా, నడవలేకపోయినా, తిండి మానేసినా ఆ రోజే పద్ధతి ప్రకారం ముగించి, దాన్నే ఆఖరి రోజుగా రాసుకోవాలి.

అదే వారం, డోసు లెక్క

విటమిన్ సి, క్యాన్సర్ అనగానే అందరూ లైనస్ పౌలింగ్ పేరు చెప్తారు. రెండు నోబెళ్ళ మనిషి. ఆయన, స్కాట్లాండ్ సర్జన్ యూవన్ కామెరాన్ కలిసి 1976లో ఒక పేపరు వేశారు. చివరి దశలో ఉన్న 100 మంది రోగులకు రోజుకు 10 గ్రాముల చొప్పున ఇచ్చారు, మొదట కొన్నాళ్ళు నరంలోకి, ఆ తర్వాత నోటి ద్వారా. పాత రికార్డుల్లోంచి ఏరిన 1000 మందితో పోల్చి, మా వాళ్ళు నాలుగు రెట్లకు పైగా ఎక్కువ కాలం బతికారన్నారు. రికార్డుల్లోంచి ఏరుకున్న కంట్రోల్ గ్రూపును నమ్మొద్దని ఎం ఫార్మసీ మొదటి సెమిస్టర్‌లోనే నేర్పుతారు. అమెరికాలోని మేయో క్లినిక్ వాళ్ళు చీటీ వేసినట్టు రోగులను విడదీసి, రోజుకు అదే 10 గ్రాములు నోటి ద్వారా ఇచ్చి చూశారు. 1979లో ఒకసారి, 1985లో ఇంకోసారి. ఏ లాభమూ కనపడలేదు. అక్కడితో చాలామంది ఫైలు మూసేశారు.

మూసిన ఫైలు మళ్ళీ తెరిపించింది రక్తంలో కొలతలు. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్‌ఐహెచ్‌లో మార్క్ లెవిన్ బృందం 2004లో చూపించిందేమిటంటే, నోటి ద్వారా ఎంత మింగినా రక్తంలో మోతాదు సుమారు 220 మైక్రోమోలార్ దగ్గర ఆగిపోతుంది. పేగు గోడలో విటమిన్‌ను లోపలికి మోసే ప్రోటీన్లు నిండిపోతాయి, పైది కిడ్నీ బయటికి తోడేస్తుంది. నరంలోకి ఇస్తే ఆ కాపలా ఉండదు, మోతాదు పదుల రెట్లు పైకి పోతుంది. క్యాన్సర్ కణాలను చంపాలంటే మిల్లీమోలార్ స్థాయి (మైక్రోమోలార్‌కు వెయ్యి రెట్లు) కావాలి. కాబట్టి కామెరాన్ ఇచ్చిందీ మేయో వాళ్ళు ఇచ్చిందీ పేరుకు ఒకటే, లెక్కకు రెండు వేర్వేరు మందులు. ఎవరు గెలిచారన్న తగాదా నాకు అక్కర్లేదు. నా ప్రాజెక్టులో నోటి గ్రూపు ఒకటి, ఇంజెక్షన్ గ్రూపు ఒకటి పక్కపక్కన ఎందుకున్నాయంటే ఇందుకే.

ఇప్పుడు అంకెలు. ఎలుక బరువులో కిలోకు 4 గ్రాములు, పొట్టలోకి. 2008లో చెన్, లెవిన్ వాళ్ళు ఎలుకల్లో వాడిన డోసు ఇదే. మా స్విస్ ఆల్బినో ఎలుక సుమారు 25 గ్రాములు, కాబట్టి దానికి 100 మిల్లీగ్రాములు. 1 మోలార్ సోడియం ఆస్కార్బేట్ అంటే మిల్లీలీటరుకు 198 మిల్లీగ్రాములు. అర మిల్లీలీటరులో సరిపోతుంది. ఎలుక పొట్టలోకి ఒకసారికి కిలోకు 20 మిల్లీలీటర్లు దాటొద్దంటారు. 25 గ్రాముల ఎలుకకు అదీ అర మిల్లీలీటరే. ఇంతకంటే పలచన చేద్దామంటే పట్టదు, చిక్కన చేద్దామంటే ఉప్పు గొడవ ఇంకా ముదురుతుంది.

మనిషికి ఇదెంత? శరీర ఉపరితలం లెక్కన ఎలుక డోసును 12.3తో భాగిస్తాం. కిలోకు సుమారు 325 మిల్లీగ్రాములు, 60 కిలోల మనిషికి పందొమ్మిదిన్నర గ్రాములు. మెడికల్ షాపులో దొరికే 500 మిల్లీగ్రాముల లిమ్సీ గోళీలు 39. మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ మగవాళ్ళకు రోజుకు చాలని చెప్పింది 80 మిల్లీగ్రాములు.

జూన్ చివర

ఎలుకలు రాకముందు చేసే పని ఎవరి పేపర్లోనూ కనపడదు, చాకిరీ మాత్రం సగం అక్కడే.

కేజ్‌లో పరిచే ఊక మిర్యాలగూడ రైస్ మిల్లు నుంచి వచ్చింది. ఊకకు ఈ జిల్లాలో కరువేముంది. కానీ మిల్లు ఊకలో దుమ్ము, నూకలు, పురుగు, అప్పుడప్పుడు పంది కొక్కుల పెంటికలు కూడా వస్తాయి. ఎనిమల్ హౌస్ చూసుకునే అన్న దాన్ని జల్లెడ పట్టి, గుడ్డ సంచుల్లో కట్టి, ఆవిరితో క్రిములు చంపే ఆటోక్లేవ్‌లో పెట్టి, ఆ తర్వాత ఎండలో కాకుండా గదిలోనే ఆరబెట్టాడు. ఎండలో పోస్తే పిట్టలు వాలి మళ్ళీ మొదటికొస్తుందని ఆయన అనుభవం. నేను ఒక్క మాట కూడా కలిపించుకోలేదు.

నీళ్ళ దగ్గర మాత్రం కలిపించుకున్నాను. కాలేజీ బోరు నీళ్ళు వద్దు. ఫ్లోరైడ్ వల్లే కదా మా జిల్లా పేరు ప్రపంచమంతా పాకింది. పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ వాళ్ళు 'నల్గొండ టెక్నిక్' అని పేరు కూడా పెట్టారు. మేం ఆఖర్లో చదవబోయేది కిడ్నీ స్లైడ్లు. ఆ కిడ్నీల మీద విటమిన్ మచ్చ ఏది, నీళ్ళ మచ్చ ఏది అని తర్వాత తల పట్టుకునే బదులు ఇప్పుడే ఆర్‌ఓ నీళ్ళు, ఫ్లోరైడ్ పరీక్ష చేయించి మరీ.

గది 22 డిగ్రీల దగ్గర ఉండాలి, పన్నెండు గంటలు వెలుతురు, పన్నెండు గంటలు చీకటి. జూన్‌లో నల్గొండలో 22 డిగ్రీలంటే రెండు ఏసీలు, ఒక జనరేటరు. అంతకంటే రాయడానికేం లేదు.

జూలై మొదట్లో, ద్రావణం

ఎలుకలు రిజిస్టర్డ్ బ్రీడర్ దగ్గర్నుంచి హైదరాబాద్ నుంచి వచ్చాయి. వారం రోజులు వాటి మానాన వాటిని వదిలేస్తాం, గదికి అలవాటు పడాలి. ఈలోపు నేను ద్రావణంతో కుస్తీ.

ఆస్కార్బిక్ యాసిడ్, అంటే విటమిన్ సి, నీళ్ళలో కలిపితే నిమ్మరసమంత పులుపు. అలాగే పొట్టలోకి ఎక్కిస్తే లోపల కాలుతుంది, అప్పుడు చచ్చిన కణాలకు యాసిడ్ జవాబుదారీ అవుతుంది. అందుకని సోడియం ఆస్కార్బేట్ కొని, పులుపు లేకుండా పిహెచ్ 7 దగ్గరికి సరిచేసి వాడుతున్నాం. ఇంకో శత్రువు గాలి. ఈ ద్రావణం గాలి తగిలితే పాడవుతుంది, ఇనుమో రాగో లేశమాత్రం ఉంటే ఇంకా తొందరగా. నీళ్ళు ఇంజెక్షన్ నీళ్ళే, నైట్రోజన్ బుడగలు పంపి ఆక్సిజన్ తరిమి, సీసాకు అల్యూమినియం ఫాయిల్ చుట్టి, ఐసు మీద పెట్టి.

రెండు సీసాలు చేసి పక్కపక్కన పెట్టాను, ఒకటి ఐసు మీద ఫాయిల్‌లో, ఇంకోటి ఊరికే బల్ల మీద మూత తీసి. బల్ల మీదది సాయంత్రానికి లేత పసుపు తిరిగింది, పొద్దున్నకు పలచటి టీ డికాక్షన్. కంటికి కనిపించేది సరే, లోపల ఎంత మిగిలిందో డీసీపీఐపీ టైట్రేషన్‌తో చూశాను. ముదురు నీలం రంగు డై. ఆమ్లం కలిపిన శాంపిల్‌లోకి బ్యూరెట్ నుంచి చుక్క చుక్క వదిలితే, విటమిన్ ఉన్నంతసేపూ ఆ నీలం పడ్డచోటే మాయమైపోతుంది. విటమిన్ అయిపోయిన మరుక్షణం ఒక్క చుక్కకు ఫ్లాస్క్ అంతా లేత గులాబీ రంగు తిరిగి అలాగే నిలబడుతుంది. ఐసు సీసా శాంపిల్ లెక్క ప్రకారం డై తాగింది. బల్ల సీసా శాంపిల్ ముందే గులాబీకి వచ్చేసింది.

కాబట్టి రూలు: ఏ రోజు ద్రావణం ఆ రోజే, వాడేముందు ఒక టైట్రేషన్. జూనియర్లు విసుక్కున్నారు. డోసు కిలోకు 4 గ్రాములని రాసి మూడో, రెండున్నరో ఇచ్చే థీసిస్ నాకొద్దు.

జూలై రెండో వారం, కణాలు

వాడుతున్నది ఎర్లిచ్ అసైటిస్ కార్సినోమా. పాల్ ఎర్లిచ్ పేరు మీద ఉన్న ఎలుక రొమ్ము క్యాన్సర్, నూరేళ్ళకు పైగా ఒక ఎలుకలోంచి ఇంకో ఎలుకలోకి మారుతూ బతుకుతూనే ఉంది. హైదరాబాద్ ల్యాబ్ ఒకటి ఈ కణాలు మోసే ఎలుకను కాగితాలతో సహా ఇచ్చింది. ఏసీ కారులో, విజయవాడ హైవే మీద, నార్కట్‌పల్లి దగ్గర మలుపు తిరిగేదాకా నేను కేజ్ ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాను.

పొట్టలోంచి తీసిన ద్రవం పాలలా ఉంది. బఫర్‌లో కడిగి, ట్రిపాన్ బ్లూ కలిపి, కణాలు లెక్కపెట్టే గళ్ళ గాజుపలక, న్యూబార్ ఛాంబర్‌లో ఒక చుక్క. మైక్రోస్కోపు కింద బతికున్న కణం మెరుస్తూ గుండ్రంగా, రంగు లోపలికి రానివ్వకుండా ఉంటుంది. చచ్చినది నీలం పట్టేస్తుంది. గళ్ళన్నీ లెక్కపెట్టాం, నీలం కణాలు వేళ్ళ మీద లెక్కకొచ్చేన్నే. ఎలుకకు 20 లక్షల కణాలు పడేలా పలచన చేసి ఎక్కించాం.

గ్రూపులు: కణాలు లేని మామూలు ఎలుకలు, కణాలతో సెలైన్, కణాలతో 1 మోలార్ ఉప్పు, కణాలతో విటమిన్ ఇంజెక్షన్, కణాలతో అదే విటమిన్ అదే డోసు నోటి ద్వారా, కణాలతో 5-ఎఫ్‌యూ (కీమో మందు) కిలోకు 20 మిల్లీగ్రాములు. ముందుగా బరువుల ప్రకారం వరస పెట్టి చీటీలు తీశాం. పిక్రిక్ యాసిడ్‌తో తల మీద, వీపు మీద, తోక మొదట్లో పసుపు మచ్చలు. ఏ కేజ్ ఏ గ్రూపో చెప్పే కాగితం అన్న దగ్గర, బరువులు కొలిచేది జూనియర్. ఆ అమ్మాయికి గ్రూపులు తెలీవు. తెలిస్తే తెలీకుండానే అంకె అటో ఇటో జరుగుతుంది. మనుషులం కదా.

జూలై మూడో వారం, ఇంజెక్షన్లు

కణాలు ఎక్కించిన మర్నాటి నుంచి డోసులు. ఎలుక మెడ వెనక తోలు పట్టి వెల్లకిలా తిప్పి, తల కిందికి వంచితే పేగులు తల వైపు జారతాయి. సూది కుడివైపు కింద. ఎడమవైపు పెద్ద సీకం (పేగు సంచి) ఉంటుంది, దానికి గుచ్చుకుంటే మందు పేగులోకి పోతుంది. సన్నటి 26 గేజ్ సూది, ఒకసారి వెనక్కి లాగి ఏమీ రాలేదని చూసుకుని మెల్లగా వదలాలి.

విటమిన్ ఎలుకలు సూది తీశాక కాసేపు పొట్ట నేలకు ఆనించి సాగదీసుకుంటూ పడుకున్నాయి. ఉప్పు ఎలుకలూ అచ్చం అలాగే చేశాయి. సెలైన్ వాటికి ఏ చింతా లేదు. దీన్ని నోటుబుక్కులో పెద్ద అక్షరాలతో రాసుకున్నాను: నొప్పి విటమిన్‌ది కాదు, చిక్కదనానిది.

ఇంకోటి అన్న పట్టాడు. "మేడం, ఈ రెండు కేజ్‌ల సీసాలు జల్ది ఖాళీ అయితున్నయ్. లీకేజీ ఉన్నదేమో అని నోజిల్ మార్చిన, అయినా గంతే." విటమిన్ కేజ్, ఉప్పు కేజ్. రెండింటిలోనూ సోడియం సమానంగా పోతోంది, ఎలుకకు దాహం వేస్తోంది. ఆ రోజు నుంచి సీసాలు తూచి పెడుతున్నాం, నీళ్ళ లెక్క కూడా రికార్డులోకి ఎక్కింది. నోటి గ్రూపుకు అంత దాహం లేదు గానీ ఊక తడితడిగా, పెంటికలు మెత్తగా. పేగు ఎక్కించుకోలేని విటమిన్ నీళ్ళు పట్టుకుని అలాగే బయటికి వచ్చేస్తోంది. ఎక్కువ గోళీలు మింగిన మనుషులకు కడుపు కదిలేదీ ఇందుకే.

గ్లూకోజ్ కథ కూడా ఇక్కడే రాయాలి. 2015లో లూయిస్ కాంట్లీ ల్యాబ్ పెద్దపేగు క్యాన్సర్ కణాల మీద చూపించింది ఏమిటంటే, కేరాస్, బీరాఫ్ జన్యువులు చెడిన కణాలు గ్లూకోజ్ కోసం తెరుచుకున్న తలుపుల్లోంచే ఆక్సీకరణ చెందిన విటమిన్ సిని లోపలికి లాక్కుని, లోపల దాన్ని మామూలు రూపానికి తెచ్చే పనిలో తమ రక్షణ సరుకంతా ఖర్చు పెట్టుకుని చస్తాయని. అందుకని మా ఎలుకల్లోనూ గ్లూకోజ్ చూద్దామని ప్రోటోకాల్‌లో రాసుకున్నాం. తోక చివర చుక్క రక్తం, మామూలు గ్లూకోమీటర్. విటమిన్ ఇచ్చిన కాసేపటికి పెడితే మీటర్ అంకె కూడా చూపించలేదు, హద్దు దాటిందని గుర్తు చూపించి ఊరుకుంది.

అన్న బెదిరిపోయాడు. "సూది మందుకు షుగర్ వచ్చిందా మేడం వీటికి?"

రాలేదు. స్ట్రిప్ పని ఎలక్ట్రాన్లు లెక్కపెట్టడం. గ్లూకోజ్ నుంచి రావాల్సిన ఎలక్ట్రాన్లను విటమిన్ సి నేరుగా తానే ఇచ్చేస్తుంది, మీటర్ అదంతా చక్కెర అనుకుంటుంది. సరే అని అదే ఎలుక సీరంను కాలేజీలో ఉన్న, రంగును బట్టి చక్కెర కొలిచే గాడ్-పాడ్ కిట్‌తో చూస్తే ఉండాల్సిన దానికంటే తక్కువ వచ్చింది. అక్కడ రంగు రావాలంటే పెరాక్సైడ్ కావాలి, ఆ పెరాక్సైడ్‌ను విటమిన్ మధ్యలోనే మింగేస్తుంది. ఒకే రక్తం, ఒక చోట ఎక్కువ, ఒక చోట తక్కువ, రెండూ అబద్ధమే. విటమిన్ అడ్డు తగలని హెక్సోకైనేజ్ పద్ధతిలో మళ్ళీ చేయించాం, మామూలుగానే ఉంది. ఇది ఎలుకలతో ఆగే సంగతి కాదు. షుగర్ ఉన్న మనిషికి నరంలోకి భారీ డోసు ఇచ్చి గ్లూకోమీటర్ చూసి ఇన్సులిన్ వేస్తే ప్రాణం మీదికొస్తుంది.

జూలై చివర, పొట్టలు తెరిచాక

సెలైన్ గ్రూపు పొట్టలు డప్పుల్లా ఉబ్బాయి. 5-ఎఫ్‌యూ గ్రూపులో ద్రవం దాదాపు లేదు. విటమిన్ ఇంజెక్షన్ గ్రూపులో ద్రవం తగ్గింది, మైక్రోస్కోపు కింద నీలం కణాలు బాగా పెరిగాయి. జూనియర్ ముఖం వెలిగిపోయింది, "పని చేసింది మేడం!"

ఉప్పు గ్రూపు గళ్ళు కూడా లెక్కపెట్టమన్నాను. అందులోనూ నీలం కణాలు ఉన్నాయి. విటమిన్ గ్రూపు అంత లేవు, సెలైన్ గ్రూపు కంటే మాత్రం స్పష్టంగా ఎక్కువ. సెలైన్‌తో పోలిస్తే విటమిన్ ఘనత కొండంత కనపడుతుంది, ఉప్పుతో పోలిస్తే అందులో చాలా భాగం కరిగిపోతుంది. మిగిలింది నిజమే, గైడ్ సార్ స్టాటిస్టిక్స్ చూసి తేడా నిలబడిందన్నారు. నోటి గ్రూపు మాత్రం సెలైన్ గ్రూపుకు అచ్చం జోడీ. అదే కిలోకు 4 గ్రాములు, ఏ పనీ చేయలేదు.

ఇక్కడ ఆపేసి థీసిస్ రాసుకోవచ్చు, చాలామంది రాసుకుంటారు కూడా. నాకు మింగుడుపడనిది ఒకటుంది. కణాలు పొట్టలో, మందు కూడా పొట్టలో. దాన్ని ఎలుకలో చేసిన ప్రయోగమంటారా, ఎలుక చర్మంతో చేసిన టెస్ట్‌ట్యూబ్‌లో ప్రయోగమంటారా? మందు రక్తంలోకి ఎక్కి, గుండె చుట్టూ తిరిగి, గడ్డ ఉన్న చోటికి చేరి, అక్కడ క్యాన్సర్ కణాలను చంపే పెరాక్సైడ్ తయారు చేయాలి. మనిషిలో జరగాల్సింది అది. రక్తంలో ఎర్రకణాల నిండా పెరాక్సైడ్‌ను విరగ్గొట్టే కాటలేజ్ ఉంటుంది కాబట్టి పెరాక్సైడ్ అక్కడ నిలవదు, గడ్డ చుట్టూ ఉండే ద్రవంలోనే పుట్టాలి. కణాల పక్కనే కుమ్మరిస్తే ఈ దారంతా తప్పిపోతుంది. అందుకే రెండో దశను మొదటి నుంచీ ప్రోటోకాల్‌లో పెట్టించాం: కణాలు కుడి తొడలో, మందు పొట్టలో.

మధ్యలో ఒక మాట

చిట్యాల దగ్గర బస్సులో పక్క సీటు పెద్దాయన నా చేతిలో థర్మోకోల్ పెట్టె చూసి ఏంటని అడిగితే చెప్పాను. "గట్లయితే మా తోటల బత్తాయిలు దినాం తాగితే క్యాన్సర్ రాదంటవా బిడ్డా?" బత్తాయిల జిల్లాలో ఈ ప్రశ్న రాకపోతేనే ఆశ్చర్యం. తాగండి తాతా, మంచిదే అన్నాను, కానీ వచ్చిన క్యాన్సర్‌ను బత్తాయి రసం పోగొట్టదు, మందులు మాత్రం ఆపొద్దని కూడా అన్నాను. వంద గ్రాముల బత్తాయిలో పదుల మిల్లీగ్రాములు ఉంటుంది. మా ఎలుక లెక్క మనిషికి తెస్తే గ్రాముల్లో. పైగా నోటి ద్వారా.

విటమిన్ అంటే ఎక్కువైనా నష్టం లేదన్న నమ్మకం ఉంది చూశారూ, దాన్ని ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ళ మీద పరీక్షించారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ గోళీలు మింగినవాళ్ళలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. విటమిన్ ఈ మీద అమెరికాలో జరిగిన సెలెక్ట్ ప్రయోగంలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగింది. 2014లో స్వీడన్ వాళ్ళు ఎలుకల్లో చూపించారు, ఊపిరితిత్తి గడ్డలు మొదలైన ఎలుకకు విటమిన్ ఈ పెడితే గడ్డలు ఇంకా వేగంగా పెరిగాయి. విటమిన్ సి భారీ డోసులో చేసే పని దీనికి తలకిందులు, అక్కడ అది ఆక్సీకరణను ఆపేది కాదు, రేపేది. 'యాంటీ ఆక్సిడెంట్ క్యాన్సర్‌కు మంచిది' అని పోస్టర్ మీద రాసే జూనియర్లకు ఈ పేరా చూపిస్తున్నాను.

ఆగస్టు, తొడ గడ్డలు

ఉప్పు, విటమిన్ ఇంజెక్షన్, విటమిన్ నోటి ద్వారా, సెలైన్. ఈసారి నాలుగే. గడ్డను వెర్నియర్‌తో కొలిచి, పొడవు ఇంటూ వెడల్పు వర్గం, దాంట్లో సగం. తొడ మీద బొచ్చు గొరిగి, కాలు సాగదీసి పట్టుకుంటేనే కొలత కుదురుతుంది. పట్టుకునేది నేను, కొలిచేది జూనియర్, మళ్ళీ గ్రూపు తెలీకుండానే.

ఉప్పు, సెలైన్ గ్రూపుల గడ్డలు ఈసారి కలిసే పెరిగాయి. పొట్టలోని ఉప్పు తొడలోని గడ్డను ఏమీ చేయలేకపోయింది. ఇది చూశాక మాత్రం నాకు నిద్ర పట్టింది. విటమిన్ ఇంజెక్షన్ గ్రూపు గడ్డలు మెల్లగా పెరిగాయి. ఆగలేదు, కరగలేదు, మెల్లగా పెరిగాయంతే. 2008 పేపర్లో వాళ్ళకు కూడా గడ్డలు మాయం కాలేదు, 41 నుంచి 53 శాతం దాకా పెరుగుదల తగ్గింది. నోటి గ్రూపు మళ్ళీ సెలైన్‌తో సమానం.

ఇది చూసి మనుషుల్లోకి గెంతడానికి లేదు. ఎలుక తన విటమిన్ సి తానే తయారు చేసుకుంటుంది, మనమూ గినీ పిగ్గులూ చేసుకోలేం. మనుషుల మీద వచ్చినవి కూడా ఒకే వైపు లేవు. 2022లో వచ్చిన పెద్దపేగు క్యాన్సర్ ట్రయల్‌లో 442 మందిలో సగం మందికి కీమోతో పాటు ఇస్తే, మొత్తం మీద జబ్బు ముదరకుండా ఆగిన కాలంలో తేడా లేదు. 2024లో అయోవా వాళ్ళు ముదిరిన క్లోమం క్యాన్సర్‌లో కీమోతో కలిపి వారానికి మూడుసార్లు 75 గ్రాముల చొప్పున నరంలోకి ఇస్తే, మధ్యస్థ (మీడియన్) ఆయుష్షు 8.3 నెలల నుంచి 16 నెలలకు పెరిగింది, కాకపోతే అందులో ఉన్నది 34 మందే. ఈ రెండూ కలిపి సెమినార్‌లో చెప్పాను. హాల్లో సగం మంది మొదటిది విని నిద్రపోయారు, మిగతా సగం రెండోది విని ఫోన్లు తీశారు. గ్రాముల కొద్దీ ఎక్కించే ముందు జీ6పీడీ పరీక్ష తప్పనిసరి అని అప్పుడే గట్టిగా చెప్పాల్సి వచ్చింది. ఆ ఎంజైమ్ లోపం ఉన్నవాళ్ళకు భారీ డోసు పడితే ఎర్రకణాలు పగిలిపోతాయి.

సెప్టెంబరు, పెండింగు పనులు

కిడ్నీలు ఫార్మలిన్‌లో ఉన్నాయి. విటమిన్ సి విరిగితే ఆక్సలేట్ వస్తుంది, కాల్షియంతో కలిస్తే స్ఫటికాలు. పోలరైజ్డ్ వెలుతురులో మెరుస్తాయి. పాథాలజిస్టు మేడంకు కూడా ఏ సీసా ఏ గ్రూపో చెప్పకుండా పంపుతున్నాం. ఉప్పు గ్రూపు కిడ్నీలు కూడా వెళ్తున్నాయి, లేకపోతే సోడియం చేసిన నష్టం విటమిన్ నెత్తిన పడుతుంది.

5-ఎఫ్‌యూతో కలిపి విటమిన్ ఇచ్చే గ్రూపు కావాలని ప్రోటోకాల్ సవరణ రాశాను. మనుషుల ట్రయల్స్ చాలా వరకు కీమోతో కలిపే నడుస్తున్నాయి, విడిగా ఇచ్చి చూడటం వల్ల ఎవరికీ ఉపయోగం లేదు. 5-ఎఫ్‌యూ డోసు సగం చేసి కలపాలా, అలాగే ఉంచి కలపాలా అన్న దగ్గర నాకూ గైడ్ సార్‌కూ ఇంకా కుదరలేదు. పూర్తి డోసే గడ్డను అణిచేస్తే విటమిన్ కలిపినా కలపకున్నా తేడా కనపడదని నా వాదన. సగం డోసు ఏ డాక్టరూ ఇవ్వడని ఆయన వాదన. వెటర్నరీ డాక్టరు గారు ఈసారి అడగబోయేది ఈ కొత్త గ్రూపు ఆరు ఎలుకల గురించే కాబట్టి, మీటింగు లోపు ఇద్దరం ఒక మాట మీదికి రావాలి.

మిర్యాలగూడకు ఊక కోసం ఫోన్ చేయాలి. వానాకాలం సరుకులో తడి ఎక్కువ, రెండుసార్లు ఆరబెట్టాల్సి వస్తుందని అన్న ముందే చెప్పాడు.